లెక్కకు రాని పొగ
(ఫ్రీమాంట్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల వారు చాలామందే ఉన్నారు. మనలో కొందరి కాలేజీ ఫీజులు పొగాకు బ్యారన్‌లోంచి వచ్చినవే. నాదీ అంతే. మా నాన్నగారు పొగాకు పండించేవారు, సిగరెట్లు కాల్చేవారు. యాభై ఎనిమిదో ఏట పోయారు. "క్షయతో పోయాడు" అన్నారు ఊళ్ళోవాళ్ళు. పొగ మాట ఎవరూ ఎత్తలేదు.

పొగ వల్ల ఒక దేశంలో ఎంతమంది పోతున్నారో ఎలా తెలుస్తుంది? అమెరికాలో మరణ కారణాల రికార్డులు ఉంటాయి. పొగ తాగేవారి మరణాలను తాగనివారితో పోల్చి, ఏడాదికి 4,80,000 మంది అని 2014 సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. మన పల్లెల్లో చాలామంది ఇంట్లోనే కన్నుమూస్తారు. డాక్టరు కాగితం ఉండదు.

అందుకని ప్రభాత్ ఝా, రిచర్డ్ పీటో తదితరుల అధ్యయనంలో ఇంటింటికీ వెళ్ళి అడిగారు. 11 లక్షల ఇళ్ళు. 2001 నుంచి 2003 దాకా పోయినవారిలో 74,000 మందికి పొగ అలవాటు ఎంత ఉందో, బతికున్న 78,000 మందిలో ఎంత ఉందో పోల్చారు. వయసు, చదువు, మద్యం వల్ల వచ్చే తేడాలు తీసేశారు. ఫలితాలు 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

లెక్క కష్టమేం కాదు. 30-69 ఏళ్ళ మగవారిలో నూటికి 37 మంది పొగ తాగేవారు. వారికి చావు ముప్పు 1.7 రెట్లు. ఎవరూ తాగకపోతే 100 మంది పోయేచోట, 63 మంది తాగనివారి లెక్కలో, మరో 63 మంది తాగేవారి లెక్కలో, మొత్తం 126 మంది పోతారు. అదనం 26. అంటే ఆ వయసులో పోయే మగవారిలో అయిదుగురికి ఒకరు. 2010లో దేశం మొత్తం మీద పది లక్షల దాకా ఉంటాయని వారి అంచనా.

ఆడవారు తక్కువే అనుకోకండి. శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ, అంటే నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, ఆడవారిలోనే ఎక్కువ. అక్కడ పది వేల పైచిలుకు మందిని పదేళ్ళు గమనించి, వారి మరణాల సంగతి 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు.

ఆ 2008 వ్యాసంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పొగ తాగే మగవారికి క్షయతో చనిపోయే ముప్పు రెండు రెట్ల కన్నా ఎక్కువట. ఆ అయిదుగురిలో ఒకరు మా నాన్నగారేనా? లెక్క దేశానికి చెబుతుంది గాని, ఒక్క మనిషికి చెప్పదు. ఆ ప్రశ్నకు నాకు జవాబు రాదు.

కానీ బతికున్నవారి విషయంలో జవాబుంది. అమెరికాలోనే చేసిన మరో అధ్యయనం 2013లో వచ్చింది. 35-44 ఏళ్ళ మధ్య మానేసినవారికి దాదాపు తొమ్మిదేళ్ళ ఆయుష్షు తిరిగి వచ్చింది. 45-54 మధ్య మానినా ఆరేళ్ళు.

మన దగ్గరికి ఆరు నెలలకని వచ్చే మామయ్యగార్లు పెరట్లో గోడ చాటున కాలుస్తుంటే, పెద్దవారు కదా అని ఊరుకుంటాం. నేనూ మా నాన్నగారి దగ్గర అలాగే ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి. గౌరవంగానే అడగండి, ఎలిజబెత్ సరస్సు చుట్టూ నడుస్తున్నప్పుడైనా సరే. పొగాకు నన్ను చదివించింది. ఆ చదువుతో చెప్పగలిగింది ఇదే.

సెలవు.