లొంగనివారి మనస్తత్వం: ఉపేక్షకు గురైన ప్రశ్న

సామాజిక ప్రభావం, అంటే ఇతరుల ఒత్తిడివల్ల వ్యక్తి అభిప్రాయమూ ప్రవర్తనా మారడం, డెబ్బై ఏళ్లకు పైగా సాంఘిక మనోవిజ్ఞానంలో నలుగుతున్న విషయమే అయినా, ఆ చర్చలో లొంగినవారికి దక్కిన చోటు లొంగనివారికి దక్కలేదన్నదే ఈ అధ్యక్షోపన్యాసంలోని ప్రధానమైన ఫిర్యాదు.

సోలమన్ ఆష్ గీతల ప్రయోగం ఈ సభకు కొత్తది కాదు. ముందే కూడబలుక్కున్న బృందం గీత పొడవును తప్పుగా చెప్పినప్పుడు, నాలుగింట మూడువంతుల మంది ఒక్కసారైనా ఆ తప్పుకు తలూపారని పాఠ్యగ్రంథాలు చాటుతాయి. ఒత్తిడి ఉన్న సందర్భాల్లో సైతం సుమారు మూడింట రెండువంతుల సమాధానాలు సరైనవేనన్న సంగతి, నాలుగోవంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదన్న సంగతి మరుగున పడిపోతాయి. మరొకరికి విద్యుత్ షాకులు ఇవ్వమని ఆజ్ఞాపిస్తూ మిల్‌గ్రామ్ జరిపి, 1963లో ప్రకటించిన ప్రయోగంలో చివరిదాకా ఆజ్ఞ పాటించిన 26 మంది జగత్ప్రసిద్ధులు. మధ్యలో నిరాకరించిన 14 మందిని పట్టించుకున్నవారు అరుదు. మనుషులను గొర్రెలమందగా చూపితేనే శాస్త్రమని నమ్మే పండితులు ఆష్‌ను సగమే చదివారు.

ప్రతిఘటనకు తోడ్పడే కారకాలను స్థూలంగా ఇలా చెప్పవచ్చు. తన జీవితంలో జరిగేది తన చేతుల్లో ఉందన్న నమ్మకాన్ని రోటర్ అంతర్గత నియంత్రణ అన్నాడు. స్వేచ్ఛకు అడ్డు తగిలినప్పుడు మనసు ఎదురుతిరిగే తీరును బ్రెహ్మ్ 1966లో సిద్ధాంతీకరించాడు. ప్రత్యర్థి వాదాన్ని ముందే కొద్దిమోతాదులో వినిపించి, దాన్ని ఖండించడం నేర్పితే తరువాతి దాడికి మనసు తట్టుకుంటుందని మెగ్వైర్ 1960ల తొలినాళ్లలో నిరూపించాడు. దీనికే వైఖరుల టీకా అని పేరు.

ఇవన్నీ విలువైనవే అయినా, వీటన్నిటికంటే బలమైన కారకం తోడు. సరైన సమాధానం చెప్పే ఒక్క సహచరుడు ఉంటే చాలు, ఆష్ ప్రయోగంలో తప్పులు నాలుగోవంతుకు పడిపోయాయి. ఆ సహచరుడు మధ్యలో అధికసంఖ్యాకుల పక్షం చేరితే తప్పులు మళ్లీ పెరిగాయి; ఏదో పని ఉందని గది విడిచి వెళ్లినప్పుడు మాత్రం అంతగా పెరగలేదు, అంటే తోడు ఇచ్చిన ధైర్యం ఆ మనిషి వెళ్లిపోయాక కూడా కొంత మిగిలింది. మిల్‌గ్రామ్ మరో ప్రయోగంలో ఇద్దరు సహచరులు ఎదురుతిరగగానే 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. ప్రతిఘటనను కేవలం వ్యక్తిత్వ లక్షణంగా కొలిచే ప్రశ్నావళులనే జీవితకాల కృషిగా చేసుకున్నవారు ఈ ఫలితాలకు ఇంతవరకూ సరైన జవాబు చెప్పలేదు.

తెలుగునాట తోడుకున్న ఈ బలానికి నిదర్శనం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగిన వితంతు వివాహం. దాన్ని జరిపించిన సంస్కర్త కందుకూరి వీరేశలింగం దృఢచిత్తాన్ని కొనియాడే గ్రంథాలు ఎన్నో ఉన్నాయి. వెలివేత భయంతో ఊరు దూరమైనప్పుడు పక్కన నిలిచిన భార్య రాజ్యలక్ష్మమ్మను, కాకినాడ నుంచి ధనసహాయం చేసిన పైడా రామకృష్ణయ్యను, అండగా నిలిచిన విద్యార్థులను మనోవిజ్ఞాన దృష్టితో పరిశీలించిన గ్రంథాలు అపురూపం. సంస్కర్త ఒంటరి వీరుడన్న కథనం వినడానికి ఇంపుగా ఉంటుంది గానీ, ఆ నిబ్బరం ఎలా నిలబడిందో చెప్పదు.

కాబట్టి తెలుగు విశ్వవిద్యాలయాల మనోవిజ్ఞాన శాఖలకు ఈ వేదిక నుంచి ఒక విన్నపం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు నిలిచిన మహిళల అనుభవాలను, కట్నం పుచ్చుకోబోమని ఇంటిల్లిపాదినీ ఎదిరించిన యువకుల అనుభవాలను వారి మాటల్లోనే సేకరించి, మొదట ఎవరు తోడు నిలిచారో, ఆ తోడు ఏ ఘడియలో అందిందో నమోదు చేయాలి. సారా ఉద్యమపు తరం వృద్ధాప్యంలోకి చేరుకుంది గనుక ఈ పని వాయిదాకు ఆగేది కాదు. పరిశోధక విద్యార్థులకు ఈ అంశాన్ని అప్పగించే బాధ్యత ఈ సభలోని ఆచార్యులదే.