పరపతి

పరపతి అను మాటకు మన తెలుగున రెండర్థములు కలవు. ఒకనికి పెద్దలయొద్ద గల పలుకుబడి ఒకటి. నమ్మకముమీద దొరకు అప్పు రెండవది. సహకార పరపతి సంఘము పేరులో ఉన్నది ఈ రెండవ అర్థమే. ఈ రెంటికిని ఒకే పేరు తగినదేయని మా అభిప్రాయము. పలుకుబడియు ఒక విధమైన అప్పే. తీర్చువానికే అది మరల దొరకును.

అనంతపురము సీమలో దీని విలువ రైతునకు బాగుగా తెలియును. ఇచట ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వాన కురియును. అదియు అదనున పడునని నమ్మకము లేదు. వేరుసెనగ చేను ఎండిన యేట బ్యాంకు బాకీకి గడువు కావలెనన్నను, పశువులకు గ్రాసము రావలెనన్నను, ఊరిమాట కలెక్టరు కచేరీ దాక పోవలెను. అచట ఎరిగినవాడొకడున్న ఊరి మాట ముందు వినబడును. లేని ఊరు వేచియుండును. కావున పెద్దల పరిచయము సంపాదింపుమని తండ్రి కొడుకునకు చెప్పుట తప్పు కాదు. దానిని ఎట్లు సంపాదింపవలెను, ఎవరికొరకు వినియోగింపవలెను అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు గుత్తి చరిత్రలో ఒక సమాధానము కలదు. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన కాలమున గుత్తిలో కేశవ పిళ్లె అను ప్లీడరు ఉండెను. ఆయన మద్రాసులో 1878లో వెలసిన ‘హిందూ’ పత్రికకు విలేఖరిగా వార్తలు వ్రాయుచుండెను. పత్రికవారికి కావలసిన దూరపు సీమ సమాచారము ఆయనయొద్ద ఉండెను. ఆయనకు కావలసిన నలుగురు వినెడి గొంతు పత్రికయొద్ద ఉండెను. ఇచ్చిపుచ్చుకొనుటలో ఆ స్నేహము పెరిగినది. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభకు వెళ్లిన 72 మంది ప్రతినిధులలో ఆ పత్రిక సంపాదకుడు జి. సుబ్రహ్మణ్య అయ్యరుతోపాటు గుత్తి ప్లీడరును ఉండెను. తరువాత ఆయన మద్రాసు శాసనసభకు ఉపాధ్యక్షుడును అయ్యెను.

ఆ పరపతి ఎవరికొరకు ఖర్చయినదో చూడుడు. 1893లో గుంతకల్లు చెంత రైల్వే గేటు కావలివాడు హంపన్న, తెల్ల సోల్జర్ల బారినుండి పారివచ్చిన ఇద్దరు స్త్రీలకు ఆశ్రయమిచ్చి, తుపాకి గుండుకు బలియయ్యెను. మద్రాసు హైకోర్టులో నిందితుడు విడుదలయ్యెను. హంపన్నకు తెలిసిన పెద్దలెవరు? కేశవ పిళ్లె ఆ ఘోరమును పత్రికకెక్కించి లోకమునకు చాటెను. న్యాయస్థానపు తీర్పు మారలేదు. అయినను చందాలతో లేచిన స్మారకశిలపై ఆ గేటు కావలివాని పేరు గుత్తిలో నిలిచినది.

మన కాలమునకు దగ్గర ఉదాహరణ మరియొకటి. 1969లో ఈ జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, స్పెయిన్ దేశపు కుటుంబములను ఇచటి పల్లెల పిల్లలతో జోడించెను. అచటినుండి నెలనెల సొమ్ము వచ్చెడిది. ఇచటినుండి ఆ పిల్లల క్షేమమును తెలుపు జాబులు పోయెడివి. బత్తలపల్లి ఆసుపత్రి వంటివి అట్టి నమ్మకముమీద లేచినవే.

పరపతి సంఘపు నియమములే ఇందును వర్తించును. వాటా కట్టనివానికి అప్పు లేదు. ఒకడు ఎగవేసినచో జామీను నిలిచినవాడు చిక్కుకొనును. నీరున్న ఊరికి నీరు లేదని బొంకి సిఫారసుమీద బోరు వేయించుకొన్నచో, మరుసటి యేట నిజముగా గొంతెండి వచ్చిన పొరుగూరివాని మాటను గూడ ఎవరును నమ్మరు. సిఫారసు చేసిన పెద్దమనిషికిని మాట పోవును.

శ్రోతలకు మా మనవి ఇంతియే. పెద్దలయొద్దకు పోవునపుడు పొగడ్తకు బదులు ఊరి నిజమైన లెక్కను వ్రాసి తీసికొనిపొండు. పని అయిన పిమ్మట మరల పోయి ఫలితము చెప్పిరండు. అటుపై పోవునపుడు మాత్రము ఒంటరిగా పోవలదు. ఎవరిని ఎరుగనివానినొకనిని వెంటబెట్టుకొని పొండు.