నవలకు విలువ కట్టు పాఠకుడు
(పెద్దవూర పాఠకుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



నవలను చదివి మూసినవాడు మొదట పలుకునది ‘బాగున్నది’ యనియో, ‘బాగులేదు’ అనియో కదా! నేడు పలువురు అంతటితో నాగక, ఐదింట మూడు, పదింట ఎనిమిది యని మార్కులును వేయుచున్నారు. తప్పు లేదు. తీర్పు చెప్పుటకు ప్రతి పాఠకునకును హక్కు కలదు. అందులకు పండితుల యనుమతి యక్కరలేదు. కాని హక్కున్నచోట బాధ్యతయు నున్నది. మిర్యాలగూడ మిల్లులకు ధాన్యము తోలు రైతు నడుగుడు: తేమ చూడక, తాలు చూడక ధర చెప్పు వర్తకుని మాట నతడు నమ్మునా?

ఇరువురు పాఠకులు ఒకే నవలకు పదింట ఆఱు మార్కులు వేయుదురనుకొందము. ఒకడు కథ నచ్చి, భాష నచ్చక వేసెను. రెండవవాడు భాష నచ్చి, కథ నచ్చక వేసెను. అంకె యొకటే, తీర్పులు రెండు. రుచులు వేఱు గదా, కారణమేల యని మీరనవచ్చును. రుచులు వేఱగుటచేతనే కారణము కావలయును. అది లేనిచో ఒకరి రుచి మఱొకరికి దారి చూపజాలదు.

పరీక్షింపక పలికిన తీర్పు ఎంత చేటో తెలంగాణ మెఱుగును. ఇచ్చట కవులు లేరని యొకరు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు మాటకు మాట యనక, 354 మంది కవులను చేర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. నిందకు నిదర్శనమే సమాధానమని చూపిరి. నవలను పొగడువానికిని, తెగడువానికిని అదియే మార్గము.

ఆ 1934వ సంవత్సరపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలా బహుమానము విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’నకును, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’నకును ఉమ్మడిగా లభించినది. మొదటిది సుబ్బన్నపేట జమీతోపాటు క్షీణించుచున్న పూర్వధర్మమునకై పరితపించును. రెండవది జమీందారు కుమార్తెను పెండ్లాడిన దేశాభిమాని యువకుని కథ. పూర్వధర్మము నంగీకరింపనివాడు ‘వేయిపడగలు’నకు తక్కువ మార్కులు వేయుటయు, అందు భక్తి గలవాడు పూర్తి మార్కులు వేయుటయు కద్దు. ఇరువురును నవలను తూచుటలేదు. తమ యభిప్రాయమునే తూచుకొనుచున్నారు. ‘ఈ రచయితతో నే నేకీభవింపను’ అనుట యొక మాట; ‘ఈ పాత్ర నా కన్నులకు కట్టలేదు’ అనుట వేఱొక మాట. రెండును చెప్పవచ్చును గాని, ఒకదానిని రెండవదానిగా చెప్పరాదు.

ప్రభుత్వములును నవలలకు విలువ కట్టినవి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెరసాలలో రచించిన ‘మాలపల్లి’ 1922లో అచ్చుకాగా, మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ తీర్పున భయమే తూనికరాయి. కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన 1937లో ఆ నిషేధము తొలగినది. అధికారి తన భయముతో తూచినట్లు మనము కులముతోను, పక్షముతోను తూచినచో, ఆ యధికారిని నిందించుటకు మనకు మొగ ముండదు.

ఇక మన నల్లగొండ సీమలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామిగారి సంగతి. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ఊరూర తిరిగి పుస్తకము లమ్మిరి. 1955లో వెలువడిన ఆయన ‘ప్రజల మనిషి’ నిజాము నాటి పల్లె బ్రతుకును, దొరల దౌర్జన్యమును చిత్రించినది. ఇందు పండితులకు లేని యర్హత మన పాఠకులకు కలదు: తాతల నోట విన్న వెట్టి కష్టములతో నవలలోని మాటను సరిచూడగలరు. కాని మనవాడు వ్రాసినాడను మమకారముతో చదువక మునుపే పూర్తి మార్కులు వేయుట ఆ రచయితకు గౌరవము కాదు. సంగతి సత్యమగుట యొకటి. కథ నడక, పాత్రల పలుకు, ముగింపు ఎట్లున్నవో చూచుట మఱియొకటి.

కావున మీకొక మనవి. నవల ముగించిన నాడే మార్కు వేయకుడు. కొన్నాళ్లు తాళి మూడు సంగతులు వ్రాసికొనుడు: ఏ పాత్ర మనసున నిలిచినది, ఎచ్చట చదువ విసుగు పుట్టినది, ఎందుకు, రచయిత చెప్పినదానిలో మీ రొప్పనిది ఏది. అంకె ఆ తరువాత వేయవచ్చును. కొన్నేండ్లకు మరల చదివినప్పుడు తీర్పు మారినచో, పాతదానిని కొట్టివేయక దాని ప్రక్కనే క్రొత్తది వ్రాయుడు.

ఇది వట్టి కాలక్షేపపు సంగతి కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాము. గ్రంథాలయములు కొను పుస్తకములే మన పల్లెల పిల్లల చేతి కందును. ఏ నవల కొనదగినదో మనము కారణముతో చెప్పనిచో, ప్రకటనలును, పలుకుబడియు చెప్పును. ప్రతి పఠనమందిరమునను ఒక నోటుపుస్తక ముంచి, చదివినవారు నాలుగేసి పంక్తులు వ్రాయుదురు గాక! స్వరాజ్యము వచ్చి చాల యేండ్లు గడచినవి. స్వబుద్ధితో తీర్పు చెప్పుటయు స్వరాజ్యములోని భాగమే. ఆ పని పెద్దవూరనుండియే యారంభ మగుగాక!