ఒకే దారిని నమ్ముకోవద్దు
(సంఘాల అధ్యక్షుల, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు తనిఖీ చేసే మాకు ఫోన్ల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. పితికిన పాలను కొద్ది గంటలలో చల్లబరచకపోతే విరిగిపోతాయి. వ్యాను ఆగిందన్న కబురు వేళకు అందకపోతే ఆ పూట పాలు పారబోయవలసిందే. నష్టపోయేది రెండు లీటర్లు పోసిన సభ్యురాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు పనిచేయలేదు. చేతిలో ఫోను ఉన్నా కబురు లేదు.

దెబ్బ తగిలినా తెగని వార్తా సంబంధాలను ఎలా కట్టాలన్నది 1960ల మొదట్లో అమెరికాలో రాండ్ సంస్థ ఇంజనీరు పాల్ బారన్ పరిశీలించారు. 1964లో ప్రచురించిన నివేదికలలో ఆయన మూడు పటాలు చూపారు. మొదటిదానిలో తీగలన్నీ ఒకే కేంద్రానికి పోతాయి. కేంద్రం పోతే అంతా పోతుంది. రెండవదానిలో పెద్ద కేంద్రం కింద చిన్న కేంద్రాలు. మూడవది చేపల వల వంటిది. ఒక ముడి తెగినా చుట్టూ తిరిగి కబురు చేరుతుంది. కొన్ని కేంద్రాలు నాశనమైనట్లు కంప్యూటరులో లెక్కకట్టి ఆయన పరీక్షించారు. కనీసం కావలసిన తీగలకు మూడు, నాలుగు రెట్లు ఉంటే వల భారీ దెబ్బను కూడా తట్టుకోగలదని తేలింది.

మన సంఘాలలో చాలావాటిది మొదటి పటమే: కార్యదర్శి ఫోను, శీతలీకరణ కేంద్రం ఫోను, అంతే. మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో గోడ మీద రెండు నంబర్లు రాశారు. విచారిస్తే రెండూ ఒకే టవరు మీద పనిచేసేవి! ఆ టవరు ఆగితే రెండూ ఆగుతాయి.

కనుక మా మనవి ఇది. పక్క ఊరి సంఘంతో ఒప్పందం చేసుకోండి. వేరే కంపెనీ ఫోను ఒకటి, మోటారు సైకిలు మీద వెళ్ళే మనిషి ఒకరు సిద్ధంగా ఉండాలి. కబురులో సంఘం పేరు, పూట, లీటర్లు చెప్పాలి. "అందింది" అన్న జవాబు వచ్చేవరకు పని పూర్తయినట్లు కాదు. రాకుంటే రెండవ దారిలో పంపాలి.

తరువాత పరీక్షించండి. వాన లేని రోజున ఒక పూట కార్యదర్శి ఫోను ఆపివేసి, కబురు ఎంతసేపటికి చేరిందో రిజిస్టరులో రాయండి. చేరకపోతే సిగ్గుపడనక్కరలేదు, లోపం ముందే తెలిసింది, పాలు పోలేదు.

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతోపాటు ఆ రిజిస్టరు కూడా అడుగుతాము.