మతి చెదిరిన బిడ్డ మన చేతిలోని అమానతు

  



2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా సమీపాన గల ఒక మానసిక రోగుల ఆశ్రయానికి నిప్పంటుకున్నది. సంకెళ్ళలో ఉన్న రోగులు కదలలేక 28 మంది మరణించారు. అటువంటి చోట్ల రోగులను అప్పగించేది శత్రువులు కారు. స్వస్థత కోరిన సొంతవారే.

మన పాతబస్తీ గల్లీలలో సంకెల ఉండకపోవచ్చు, మూసిన తలుపు ఉన్నది. పదిహేనేళ్ళ కుర్రవాడు నిద్ర మాని, ఎవరో తనను చంపజూస్తున్నారని వణికితే, ‘సాయా పడింది’ అని ఆమిళ్ళ చుట్టూ తిప్పుతారు. ఆడపిల్ల అయితే సంబంధాలు రావేమోనని దాచివేస్తారు. ఈలోగా రోగం ముదురుతుంది. ఖుర్ఆన్ పఠించి దుఆ చేయండి, అది సున్నతే. అయితే ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన ప్రవక్త వారే, ప్రతి వ్యాధికీ మందు ఉన్నదనీ చికిత్స చేయించుకోమనీ ఆదేశించారు. మతి స్థిమితం లేనివాని కర్మలు వ్రాయబడవని కూడా సెలవిచ్చారు. అల్లాహ్ లెక్క అడగనివానిని మనం కర్రతో లెక్క అడగడం ఏ న్యాయం? 1284లోనే కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో ఇటువంటి రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది.

‘ఎర్రగడ్డకు పంపితే బిడ్డ తిరిగిరాడు’ అన్న భయం చాలామందిది. 2018 మే 29 నుండి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏమంటున్నదో వినండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు, రోగి తనకు గాని పరులకు గాని తీవ్ర హాని చేస్తున్నప్పుడు, రిజిస్టరైన ఏ వైద్యుడైనా అత్యవసర చికిత్స చేయవచ్చు. అది 72 గంటలు మించరాదు. అందులో కరెంటు చికిత్స ఇవ్వరాదు. 18 ఏళ్ళలోపు బిడ్డను ఆసుపత్రిలో చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు తప్పక సైకియాట్రిస్టు కావాలి. బిడ్డను పెద్దల వార్డులో ఉంచరాదు. తల్లిదండ్రులో, వారు నియమించిన వ్యక్తియో చివరి వరకు వెంట ఉండాలి. ఆడపిల్ల వెంట ఉండే సంరక్షకుడు పురుషుడైతే స్త్రీ సహాయకురాలు ఉండాలి. 72 గంటలలో సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. 30 రోజులు దాటితే బోర్డు విచారించి తీరాలి. సంకెళ్ళు వేయడం పూర్తిగా నిషిద్ధం.

గమనించారా? చట్టం బిడ్డను మీ నుండి లాక్కోవడం లేదు. విడిచిపెట్టి వెళ్ళవద్దని మిమ్మల్నే నిలబెడుతున్నది.

మరొక మాట. ఎదురు చెప్పే కొడుకును, ఇష్టంలేని పెళ్ళిని కాదన్న కూతురును ‘పిచ్చి’ అని ముద్రవేసి బంధించడం జుల్మ్. సమాజపు కట్టుబాట్లకు ఒదగకపోవడం మానసిక రోగం కాదని ఈ చట్టమే చెబుతున్నది. బిడ్డ మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు.

ఆత్మహత్యకు యత్నించిన బిడ్డను పోలీసు కేసు భయంతో ఇంట్లో దాచకండి. అటువంటివారిని తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగా భావించాలని 115వ సెక్షన్ చెబుతున్నది. వెంటనే దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. సలహా కోసం 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పొరుగింట ఇటువంటి కష్టం ఉంటే గుసగుసలాడకండి. ఆసుపత్రి వరకు తోడు వెళ్ళండి.

ఓ అల్లాహ్! మా బిడ్డల మనసులకు నెమ్మదిని, మాకు వారిపట్ల కరుణను, సకాలంలో మేల్కొనే వివేకాన్ని ప్రసాదించు. ఆమీన్.