కల్పిత లోకములకు త్రోవ చూపిన పాఠకులు



ఒక రచయిత తన భావనాబలముచేత క్రొత్త లోకమునొకదానిని సృజించి, దానికి నదులను, పర్వతములను, రాజవంశములను, భాషలను సైతము కల్పించి, వేయి పుటలకు మించిన కథగా విస్తరింపజేసినప్పుడు, ఆ లోకమున సంచరించు పాఠకునకు ఎవరు ఎవరి కుమారుడో, ఏ కోట ఏ నదీతీరమున నున్నదో తెలియజెప్పు గ్రంథము వేరొకటి కావలసివచ్చును. రచయితయు ప్రకాశకులును ఆ కొరత తీర్పనిచోట, ఎవరును నియోగింపకయే పాఠకులు తామై ఆ భారమును తలకెత్తుకొనిరి. ఇట్లు పుట్టిన అనధికార సహాయగ్రంథముల చరిత్రను, ఆంగ్లమున ప్రఖ్యాతి గాంచిన రెండు అద్భుత కథావళుల నాధారముగా గొని, నేడు మీకు విన్నవింతును.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. కథలోని వింత నామములకు వివరణలతో కూడిన పట్టిక కడపటి సంపుటమున చేర్పబడునని తొలి సంపుటమునందే మాట యిచ్చిరి. కాని, ఆ కడపటి సంపుటమున వంశవృక్షములు, కాలపట్టికలు, లిపుల వివరములు చోటుచేసికొన్నవే గాని, వాగ్దానము చేసిన ఆ పట్టిక మాత్రము రాలేదు. టోల్కీన్ స్వయముగా దాని నారంభించి, స్థలనామములతో కొంతదూరము సాగి, విడిచిపెట్టెను. తరువాతి కూర్పులలో సూచిక చేరినను, అది ప్రధానముగా పుటసంఖ్యలను చూపునదే యగుటచే, తెలిసికొనగోరువాని దాహము దానితో తీరలేదు.

1965లో అమెరికాలో చౌకప్రతులు వెలువడి, ఆ కథ విద్యార్థిలోకమును ముంచెత్తినది. ఆ దశకముననే రాబర్ట్ ఫాస్టర్ అను పాఠకుడు ‘నీకస్’ అను అభిమానుల పత్రికలో ఈ కథాలోక నామకోశమును విడతలుగా ప్రకటింపసాగెను. బాల్టిమోర్ నగరపు మిరాజ్ ప్రెస్ అను చిన్న సంస్థ 1971లో దానిని గ్రంథరూపమున వెలువరించినది. టోల్కీన్ 1973లో పరమపదించిన పిమ్మట, 1977లో ఆయన ‘సిల్మరిలియన్’ అచ్చు కాగానే, ఫాస్టర్ ఆ క్రొత్త సామగ్రి నంతయు మథించి, 1978లో తన కోశమును పరిపూర్ణ రూపమున మరల ప్రకటించెను. పురాణనామ కోశములను తిరుగవేసిన మన పాఠకులకు ఆ పద్ధతి సుపరిచితమే: నామము, అది ఏ భాషకు చెందినది, దాని యర్థము, ఆ వ్యక్తి జనన మరణ కాలములు, క్లుప్తముగా చరిత్ర, తుదకు మూలగ్రంథ సంపుట పుటసంఖ్యలు. ఈ పుటసంఖ్యలయందే ఆ గ్రంథపు సౌశీల్యము వెల్లడియగుచున్నదని నా విశ్వాసము. ఏలయన, చెప్పిన ప్రతి మాటకును ఆకరము చూపి, పాఠకుని తనయొద్ద నిలిపికొనక మూలమునకే మరలించు సంకలనకర్తను దొంగయని యెవరనగలరు? టోల్కీన్ కుమారుడు క్రిస్టఫర్, తండ్రి వ్రాతలను పరిష్కరించుచు, ఈ కోశమును తానే యుపయోగించుకొని, దాని నాదరపూర్వకముగా ప్రశంసించెను.

1976లో టైలర్ అను రచయిత కూర్చిన మరియొక కోశము వచ్చినది. అంతకంటె గొప్ప పరిశ్రమ 1981లో వెలువడిన రెండు పటగ్రంథములయందు గలదు. బి.బి.సి.లో పనిచేసిన బార్బరా స్ట్రేచీ, కథానాయకుడు ఫ్రోడో నడచిన దారిని అంచెలంచెలుగా 51 పటములలో చిత్రించెను. భూగోళశాస్త్రము నభ్యసించిన కారెన్ విన్ ఫాన్‌స్టాడ్, కథలో చెప్పబడిన యోజనములను నడచిన దినములతో సరిపోల్చి, శిలలను, శీతోష్ణములను, వృక్షజాలమును, భాషల వ్యాప్తిని సహితము పటములకెక్కించెను. టోల్కీన్ అంతకు పూర్వము రచించిన ‘హాబిట్’ కథలో నది దాటిన రాత్రియే మరుగుజ్జుల బృందమునకు రాక్షసుల నెగడు కానవచ్చును. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో మార్గదర్శి స్ట్రైడర్ నడపిన ఫ్రోడో బృందము వంతెన దాటి దినముల తరబడి నడచినగాని ఆ తావు చేరదు. ఈ వైరుధ్యమును ఫాన్‌స్టాడ్ కప్పిపుచ్చలేదు. ఎదుట బెట్టి చర్చించినది. ఇట్టి శ్రమ మూలగ్రంథమునకు ఋణపడియుండియు, తనదైన జ్ఞానమును లోకమున కిచ్చినది.

ఇక రెండవ గాథ కొంత దుఃఖకరమైనది. జె.కె. రౌలింగ్ రచించిన హ్యారీ పాటర్ కథలకు, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు పాఠశాలా గ్రంథాలయోద్యోగి స్టీవ్ వాండర్ ఆర్క్ 2000 సంవత్సరమున అంతర్జాలములో అక్షరక్రమ కోశమును స్థాపించెను. రౌలింగ్ స్వయముగా దానిని మెచ్చుకొని, వ్రాయునప్పుడు తానును అప్పుడప్పుడు దానిని సంప్రదింతునని తెలియజేసెను. కాని దానిని పుస్తకముగా అమ్మకమునకు పెట్టబోయిన ఆర్.డి.ఆర్. బుక్స్ అను ప్రకాశకులపై, ఆమెయు వార్నర్ బ్రదర్స్ సంస్థయు 2007 అక్టోబరు 31న న్యూయార్కు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. తానే ఒక విజ్ఞానకోశము వ్రాసి, దాని యాదాయమును ధర్మకార్యములకు వినియోగింప సంకల్పించితినని ఆమె వాదించినది. విచారణలో వాండర్ ఆర్క్ కన్నీరు పెట్టుకొనెను; ఎవరి కథను ప్రేమించి సంవత్సరముల తరబడి శ్రమించెనో, వారి ముందే ప్రతిపక్షమున నిలువవలసివచ్చుట ఎంతటి క్లేశమో ఊహింపదగును.

2008 సెప్టెంబరు 8న న్యాయమూర్తి రాబర్ట్ ప్యాటర్సన్ ప్రకటించిన తీర్పునందు రెండు మాటలు కలవు. కథలోని విషయములను క్రొత్త ప్రయోజనమునకై అకారాది క్రమమున అమర్చిన కోశము మూలకథకు అనుసృజన కాదనియు, ఇతరులు సహాయగ్రంథములు వ్రాయకుండ నివారించు హక్కు రచయితకు లేదనియు మొదటిది. అయినను ఈ కోశము రౌలింగ్ వాక్యములను, ముఖ్యముగా 2001లో ఆమె దాతృత్వమునకై ప్రకటించిన రెండు చిన్న పుస్తకములలోని వర్ణనలను, అవసరమునకు మించి యథాతథముగా గ్రహించినదని రెండవది. కావున ముద్రణను నిషేధించి, గ్రంథము అప్పటికి విక్రయింపబడలేదు గనుక కనీసపు పరిహారముగా 6,750 డాలర్లు విధించెను.

ఈ రెండు మాటలును న్యాయసమ్మతములనియే నేను తలంతును. ఒక జంతువు పేరును, అది కనిపించు ఘట్టమును చెప్పుట కోశకారుని పని. ఆ జంతువును రచయిత్రి యెట్లు వర్ణించెనో ఆ మాటలనే తెచ్చి పేర్చుట, ఆమె చిన్న పుస్తకమును కొనకుండుటకు పాఠకునకు కారణ మిచ్చుటయే యగును. వాండర్ ఆర్క్ ఈ భేదమును గ్రహించి, ఎరువు వాక్యములను తగ్గించి, తన వ్యాఖ్యానమును పెంచి, కోశమును తిరిగి వ్రాసెను. 2009 జనవరిలో అది అనధికార గ్రంథమని ముఖపత్రముననే చెప్పుకొనుచు వెలువడినది. దానిని ఎవరును అడ్డగింపలేదు.