ల్యూబెక్: ఉప్పు, చేప, చట్టము

సముద్రమున చేప దొరకుట ఒక భాగ్యము. ఆ చేప చెడిపోకుండ నిలువచేయుటకు ఉప్పు దొరకుట మరియొక భాగ్యము. ఈ రెండును ఒక్కచోటనే లభించుట అరుదు. మధ్యయుగమున ఉత్తర ఐరోపాలో చేప ఒక రాజ్యమున నుండెను, ఉప్పు మరియొక రాజ్యమున నుండెను. ఆ రెంటినడుమ నిలిచి, రెంటిని కలిపి, ఆ కలయికవలన వచ్చిన బలముతో ఒక నగరము సుమారు మూడు శతాబ్దులపాటు బాల్టిక్ సముద్ర వ్యాపారమును నడిపించెను. ఆ నగరమునకు సింహాసనము లేదు, స్థిరసైన్యము లేదు. అయినను రాజులు దానితో సంధి చేసికొనవలసి వచ్చెను. దాని పేరు ల్యూబెక్. నేడది జర్మనీ దేశపు ఉత్తర భాగమున రెండు లక్షలకు పైబడిన జనాభాతో నున్న పట్టణము.

ముందుగా ఆ చోటును గూర్చి తెలిసికొనవలెను. బాల్టిక్ సముద్రమునకును ఉత్తర సముద్రమునకును నడుమ జట్లండు ద్వీపకల్పము అడ్డుగోడవలె నిలిచియున్నది. దాని ఉత్తరపు కొనను చుట్టి వచ్చుట ఆనాటి ఓడలకు ప్రాణాపాయకరము. అయితే ఆ ద్వీపకల్పపు మొదట నేలమీది దారి మిక్కిలి కురుచ. పడమట ఎల్బె నదిపై హాంబర్గు, తూర్పున ట్రావె నదిపై ల్యూబెక్. రెంటికిని నడుమ దూరము సుమారు 60 కిలోమీటర్లు. తూర్పు సరకును ల్యూబెక్‌లో దించి, బండ్లమీద హాంబర్గు చేర్చి, అచట మరల ఓడ కెక్కించుట మేలని వర్తకులు గ్రహించిరి. పైగా ల్యూబెక్ సముద్రతీరమున లేదు. సముద్రమునకు సుమారు 20 కిలోమీటర్ల లోపల, ట్రావె, వాకెనిట్జ్ అను రెండు నదులు చుట్టుకొనిన గుట్టపై నున్నది. ఓడ చేరుటకు వీలు, శత్రువు చేరుటకు కష్టము.

ఈ ప్రాంతమున మొదట నివసించినవారు జర్మనులు కారు, స్లావు జాతివారు. 'ల్యూబిట్సె' యను పేరు వారిదే. 'ప్రియమైనది' అను అర్థమిచ్చు ధాతువునుండి అది పుట్టినది. 1138లో వారి కోట వైరివర్గపు స్లావుల చేతనే ధ్వంసమయ్యెను. 1143లో హోల్‌స్టైన్ ప్రభువగు రెండవ అడాల్ఫు, పాతకోటకు కొంతదూరమున, నదుల నడుమనున్న గుట్టపై క్రొత్త పట్టణమును స్థాపించెను. జనములేని ఆ భూములలో కాపురముండుటకు రమ్మని ఫ్లాండర్సు, హాలెండు, వెస్ట్‌ఫాలియా సీమలకు ఆయన దూతల నంపెనని ఆ కాలముననే జీవించి స్లావుల చరిత్రను వ్రాసిన హెల్మోల్డ్ అను మతాచార్యుడు తెలిపియున్నాడు. ఆ భూములు జనములేనివి ఎట్లయ్యెనో కూడ ఆయన రచనవలననే మనకు తెలియును. యుద్ధములు స్లావులను కొంత చంపినవి, కొంత తరిమినవి. ఒక నగరపు పుట్టుకను కీర్తించునపుడు ఈ సంగతిని మరువరాదు.

పట్టణము వెంటనే వర్ధిల్లెను. వర్ధిల్లుటయే దానికి చిక్కు తెచ్చెను. సాక్సనీ డ్యూకగు హెన్రీ, 'సింహుడు' అను బిరుదు గలవాడు, తన పట్టణమగు బార్డోవిక్‌నుండి వర్తకులు ల్యూబెక్‌కు తరలిపోవుటను చూచి సహింపలేకపోయెను. సగము వాటా నిమ్మని అడాల్ఫును అడిగెను; అడాల్ఫు నిరాకరించెను. అంతట డ్యూకు ల్యూబెక్ సంతను మూయించెను. తన లూనెబర్గు ఉప్పునకు పోటీగా నున్న ఓల్డెస్లో ఉప్పుబావులను పాడుచేయించెను. 1157లో పట్టణము కాలిపోయెను. హెన్రీ వేరొకచోట తన పేరిట క్రొత్త పట్టణమును కట్టించెను గాని, అచటి నీరు ఓడలకు చాలలేదు. నదిని ఆజ్ఞతో లోతుచేయుట డ్యూకునకును సాధ్యము గాదు! చివరకు 1159లో అడాల్ఫు ఆ గుట్టను వదలుకొనెను. హెన్రీ నగరమును మరల కట్టించి, డెన్మార్కు, స్వీడను, నార్వే, రష్యా దేశములకు దూతలనంపి, వర్తకులందరికిని నిర్భయముగ వచ్చిపోవు స్వేచ్ఛను చాటించెను. 1161లో గాట్లండు ద్వీప వర్తకులకును జర్మను వర్తకులకును నడుమనున్న వైరమును తీర్చి సమాధానపరచెను.

హెన్రీ పతనానంతరము నగరము కొన్నియేండ్లు డెన్మార్కు రాజుల క్రింద నుండెను. 1226లో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ ల్యూబెక్‌ను స్వతంత్ర నగరముగ ప్రకటించెను. ఇక దానికి చక్రవర్తి తప్ప మరియొక ప్రభువు లేడు. మరుసటియేడు బోర్న్‌హోవెడ్ యుద్ధమున డెన్మార్కు రాజు ఓడిపోగా ఆ కాగితముమీది స్వాతంత్ర్యము నిజమైన స్వాతంత్ర్యమయ్యెను. అది 1937 వరకు, అనగా 711 సంవత్సరములు నిలిచెను.

ఇక ఉప్పు చేపల కథకు వత్తము. నేటి స్వీడను దక్షిణపు కొనయగు స్కానియా ఆనాడు డెన్మార్కుది. అచటి స్కానోర్, ఫాల్‌స్టర్‌బో తీరములకు ఏటేట ఆగస్టు మొదలు అక్టోబరు వరకు హెరింగ్ చేపలు గుంపులు గుంపులుగ వచ్చెడివి. క్రైస్తవ ప్రపంచమున మాంసము నిషిద్ధమైన ఉపవాస దినములు సంవత్సరమునకు నూటికి పైగా నుండెను. కనుక చేపకు గిరాకి తరుగుట యెన్నడును లేదు. కాని హెరింగ్ క్రొవ్వుగల చేప. పట్టిన వెంటనే ఉప్పు వేయనిచో చెడిపోవును. నాలుగైదు పీపాల చేపకు ఒక పీపా ఉప్పు కావలెను. ఆ ఉప్పు లూనెబర్గు బావులనుండి సుమారు 100 కిలోమీటర్ల దారివెంట బండ్లపై ల్యూబెక్ చేరెడిది. బండ్లు చాలకపోగా, 1392 మొదలు 1398 వరకు శ్రమించి, ఎల్బె నదినుండి ల్యూబెక్ వరకు స్టెక్నిట్జ్ కాలువను త్రవ్వించిరి. మిట్టప్రదేశము నెక్కి మరల దిగుటకు దానికి లాకులు అమర్చిరి. నీరు నిలువచేసి, ఒక్కమారుగ వదలి, ఆ వెల్లువమీద పడవలను నడిపెడివారు. ప్రయాణమునకు వారములు పట్టెడిది; అయినను మిట్ట నెక్కి దిగు కాలువలలో ఐరోపాలో అది మొదటివానిలో నొకటి.

అయితే ఉప్పు అమ్మిన పట్టణములన్నియు మహానగరములు కాలేదు. ల్యూబెక్ ఎగుమతి చేసిన సరకులలో మిక్కిలి విలువైనది చట్టము. ఎవరికెంత అప్పున్నది, ఓడ మునిగినచో నష్టమెవరిది, వర్తకుడు పరదేశమున మరణించినచో సొత్తెవరిది అను ప్రశ్నలకు ఆ నగరము స్పష్టమైన సమాధానములు వ్రాసిపెట్టుకొనెను. రోస్టాక్, స్ట్రాల్‌సుండ్ మొదలు నేడు టాలిన్ అనబడు రేవల్ వరకు సుమారు నూరు పట్టణములు ఆ చట్టమును స్వీకరించెను. రేవల్‌కు దానిని 1248లో ప్రసాదించినవాడు డెన్మార్కు రాజే యగుట గమనింపదగినది. తమ తీర్పులపై సందేహము కలిగినపుడు ఆ పట్టణములవారు ల్యూబెక్ నగరసభకు అప్పీలు చేసికొనెడివారు. ఆయుధముతో గెలిచిన భూమి కంటె ఈ విధముగ లభించిన గౌరవము విశాలమైనది. వర్తకుల లో-జర్మను భాషయు ఓడలతోపాటు తరలిపోయెను. స్వీడిష్, డేనిష్, నార్వీజియన్ భాషలలో నేటికిని దాని పదములు వేనవేలు గలవు.

ఈ పట్టణముల కూటమికే హాన్సా యని పేరు. దానికి శాశ్వత ఖజానా లేదు, సైన్యము లేదు. 1356లో మొదటి మహాసభ ల్యూబెక్‌లోనే జరిగెను. రష్యాలోని నావ్‌గొరోద్, నార్వేలోని బెర్గెన్, ఫ్లాండర్సులోని బ్రూగె, ఇంగ్లండులోని లండను నగరములందు హాన్సా వర్తకులకు పెద్ద కార్యస్థానము లుండెను. రష్యానుండి బొచ్చుతోళ్లు, మైనము; నార్వేనుండి ఎండుచేప; ఫ్లాండర్సునుండి ఉన్నిబట్ట. మన మలబారు మిరియములు సైతము వెనీసు చేరి, అటనుండి ఉత్తరమునకు వచ్చి, ఈ వర్తకుల చేతిమీదుగ బాల్టిక్ తీరపు వంటిండ్లకు పోయెడివి.

ఈ బలము ఎల్లప్పుడును న్యాయముగ వినియోగింపబడెనని చెప్పజాలము. 1284లో నార్వేతో వివాదము కలుగగా ల్యూబెక్ మొదలగు పట్టణములు ఆ దేశమునకు ధాన్యమును పోనీయక ఆపివేసెను. నార్వే తిండికి పరదేశపు గింజలపై ఆధారపడిన దేశము. ఆకలికి తాళలేక మరుసటియేడు లొంగిపోయెను. ఖడ్గమెత్తక సాధించిన విజయమే గాని, దెబ్బ తగిలినది పేదవాని కడుపుమీద.

ఖడ్గ మెత్తినపుడేమయ్యెనో కూడ చూతము. 1361లో డెన్మార్కు రాజు నాలుగవ వాల్డెమార్ గాట్లండుపై దండెత్తి విస్బీ పట్టణమును వశపరచుకొనెను. ల్యూబెక్ మేయరగు యోహాన్ విట్టెన్‌బోర్గ్ నౌకాదళముతో బయలుదేరెను. ఆయన వృత్తిచే వర్తకుడు. ఆయన చిట్టాపుస్తకము నేటికిని నిలిచియున్నది. 1362లో ఆయన హెల్సింగ్‌బోర్గ్ కోటను ముట్టడించుటకై మనుష్యులను ఒడ్డుకు దింపెను. కాపు చాలని ఓడలపై డేనులు వచ్చిపడి అనేకములను పట్టుకొనిరి. విట్టెన్‌బోర్గ్ ఓటమితో తిరిగివచ్చెను. నగరసభ ఆయనను విచారించి, 1363లో సంతవీథిలో శిరచ్ఛేదము చేయించెను. రాజులు ఓడిపోయిన సేనానులను క్షమించుట కలదు. ఈ వర్తకసభ తన మేయరునే క్షమింపలేదు. అప్పు ఎంత ఖచ్చితముగ వసూలు చేయుదురో బాధ్యతను కూడ అంతే ఖచ్చితముగ వసూలు చేసిరి. ఆ కాఠిన్యము భయంకరము. కాని పదవి యనగా పూచీ యని ఆ నగరము నమ్మెననుటకు అది సాక్ష్యము.

1367లో పట్టణములు కొలోనులో కూడి ఒడంబడిక చేసికొనెను. మరుసటియేడు కోపెన్‌హాగెన్ పట్టువడెను. 1370లో జరిగిన స్ట్రాల్‌సుండ్ సంధివలన వర్తకులకు పూర్వపు హక్కులన్నియు లభించుటయే గాక, స్కానియాలోని నాలుగు కోటలును, వాని ఆదాయమున మూడింట రెండు వంతులును 15 సంవత్సరములకు హాన్సా వశమయ్యెను. 1375లో చక్రవర్తి నాలుగవ చార్లెస్ స్వయముగ ల్యూబెక్‌కు విచ్చేసెను.

ఆనాటి వైభవము ఇటుకలలో నేటికిని కనబడును. ఆ మైదానసీమలో కట్టడపు రాయి అరుదు. అందుచే మట్టిని కాల్చి ఆకాశమునకు లేపిరి. సెయింట్ మేరీ దేవాలయపు లోకప్పు 38 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. దానిని కట్టించినది బిషప్పు కాదు, వర్తకుల నగరసభ. బాల్టిక్ తీరపు అనేక దేవాలయములకు అది మాదిరి. కాని ఆ సభలో కమ్మరికి, కసాయికి, సారాబట్టివానికి చోటులేదు. 1384లో కసాయివారు కుట్రపన్ని పట్టువడి ప్రాణములు కోల్పోయిరి. 1408 నుండి 1416 వరకు పాతసభ తొలగి క్రొత్తసభ పాలించెను. పిదప మరల పాతవారే వచ్చిరి. చట్టమును నూరు ఊళ్లకు పంచిన నగరము అధికారమును తన వీథులలోనే పంచుకొనలేకపోయెను.

క్షీణత నెమ్మదిగ వచ్చెను. డచ్చివారు పెద్ద ఓడలతో డెన్మార్కు జలసంధిగుండ నేరుగ తూర్పునకు రాసాగిరి. ల్యూబెక్‌లో దిగవలసిన పని తప్పెను. హెరింగ్ చేపల రాకయు స్కానియాతీరమున తగ్గెను. 1494లో మాస్కో ప్రభువగు మూడవ ఇవాన్ నావ్‌గొరోద్ కార్యస్థానమును మూయించెను. 1598లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ లండనులోని దానిని మూయించెను. ప్రపంచము మారుచుండ ల్యూబెక్ పాతహక్కులనే పట్టుకొని వ్రేలాడెను. దారిని తెరచి పైకి వచ్చిన నగరము దారికి అడ్డు నిలువబోయి వెనుకబడెను. 1669లో చివరి హాన్సా మహాసభకు తొమ్మిది పట్టణములే ప్రతినిధుల నంపెను.

1942 మార్చి 28వ తేదీ రాత్రి విమానదాడిలో పాతనగరమున పెద్దభాగము దగ్ధమయ్యెను. సెయింట్ మేరీ దేవాలయపు గంటలు గోపురమునుండి క్రిందపడి పగిలిపోయెను. యుద్ధానంతరము దేవాలయమును పునరుద్ధరించిరి గాని, ఆ గంటలను తొలగింపలేదు. పడినచోటనే నేటికిని ఉంచిరి. 1987లో పాతనగరము యునెస్కో ప్రపంచవారసత్వముల జాబితాలో చేరెను.

1478లో పూర్తియైన హోల్‌స్టెన్ సింహద్వారముమీద నొక లాటిన్ వాక్యము కలదు. ఇంట ఐకమత్యము, బయట శాంతి యని దాని భావము. చరిత్రను చూచిన పిదప ఆ మాట నగరము సాధించినదానిని గాక, కోరుకొనినదానిని చెప్పుచున్నదనిపించును. అయినను ఆ కోరిక చిన్నది గాదు. ఒకరి ఉప్పునకు మరియొకరి చేప అవసరమని, ఇచ్చిన మాటకు విలువ యున్నంతవరకే సంత నిలుచునని ఆ గుట్టమీది వర్తకులు తెలిసికొనిరి. ఆ తెలివి నున్నంతకాలము వారు పెరిగిరి. దానిని మరచిననాడు తరిగిరి.